కప్పు ఎవరిది.. వెలుగు ఎవరికి?

* అమీర్‌పేట, పంజాగుట్టలలో ఇంటి సౌర విద్యుత్తుకు చోటే అసలు సమస్య
* రెండు కిలోవాట్లతోనే అధిక ప్రయోజనం
* బ్యాటరీ అందరికీ అవసరం లేదు.. లెక్క తెలియకుంటే నష్టమే

అమీర్‌పేట, పంజాగుట్ట: ఎండకు కొదవ లేదు. ప్రభుత్వ రాయితీ ఉంది. బ్యాంకులు పూచీకత్తు లేకుండానే రుణం ఇస్తున్నాయి. అయినా నగరం నడిబొడ్డున ఉన్న అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాలలో మేడలెక్కి చూస్తే నీళ్ల ట్యాంకులు, సెల్ టవర్లు, రేకుల గదులు, ఆరవేసిన బట్టలు కనిపించినంతగా సౌర ఫలకాలు కనిపించవు. దీనికి ప్రజలలో ఆసక్తి లేకపోవడం మాత్రమే కారణం కాదు. ఎంత సామర్థ్యం గల వ్యవస్థ పెట్టుకోవాలో, బ్యాటరీ కావాలో అక్కరలేదో, అసలు కప్పుపై హక్కు ఎవరిదో తేలకపోవడమే ప్రధాన అవరోధం. ఈ మూడు చిక్కుముడులను విప్పకుండా పథకాల ప్రచారం ఎంత చేసినా ఫలితం అంతంతమాత్రమే.

కోతల నుంచి బిల్లుల దాకా

ఒకప్పుడు ఈ నగరం తనకు కావలసిన విద్యుత్తును తన ఒడిలోనే తయారు చేసుకున్నది. నిజాం కాలంలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున వెలసిన థర్మల్ కేంద్రం దశాబ్దాల పాటు హైదరాబాద్‌కు వెలుగునిచ్చింది. అనంతర కాలంలో సుదూర ప్రాంతాల బొగ్గు, జల విద్యుత్కేంద్రాలే దిక్కయ్యాయి. విద్యుత్తు ధర ఎంత సున్నితమైన అంశమో రాష్ట్రం 2000 సంవత్సరంలోనే చవిచూసింది. ఛార్జీల పెంపునకు వ్యతిరేకంగా సాగిన ఉద్యమం ఆ ఏడాది ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులకు దారితీసింది. 2012, 2013 సంవత్సరాలలో గంటల తరబడి కోతలు విధించినప్పుడు నగరవాసులు ఇన్వర్టర్ల కోసం దుకాణాలకు పరుగులు తీశారు.

నేడు పరిస్థితి వేరు. ప్రకటించిన కోతలు లేవు. ఈదురుగాలులకు చెట్ల కొమ్మలు తీగలపై పడినప్పుడు, ఎండాకాలంలో ట్రాన్స్‌ఫార్మర్లపై భారం పెరిగినప్పుడు, మరమ్మతుల సమయంలో మాత్రమే సరఫరా నిలిచిపోతున్నది. మధ్యతరగతి కుటుంబాన్ని వేధిస్తున్నది చీకటి కాదు, నెలాఖరున వచ్చే బిల్లు. కాబట్టి సౌర విద్యుత్తును పాత ఇన్వర్టర్ దృష్టితో కాక, బిల్లు దృష్టితో చూడవలసి ఉంది.

రాయితీ ఎంత? ఎవరికి?

కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరి 13న 'పీఎం సూర్యఘర్ ముఫ్త్ బిజిలీ యోజన'ను ప్రారంభించింది. రూ.75,021 కోట్ల వ్యయంతో కోటి ఇళ్లపై ఫలకాలు అమర్చాలన్నది లక్ష్యం. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు రూ.30 వేలు, మూడో కిలోవాట్‌కు రూ.18 వేలు చొప్పున రాయితీ లభిస్తుంది. మూడు కిలోవాట్లు, అంతకు మించి ఎంత పెట్టుకున్నా గరిష్ఠ రాయితీ రూ.78 వేలు మాత్రమే. స్వదేశంలో తయారైన ఫలకాలనే వాడాలి. గ్రిడ్‌కు అనుసంధానమై ఉండాలి. సొమ్ము నేరుగా వినియోగదారుని బ్యాంకు ఖాతాలో జమ అవుతుంది. బ్యాటరీకి అదనపు రాయితీ లేదన్న విషయాన్ని కొందరు విక్రేతలు దాటవేస్తున్నారు.

2024 ఫిబ్రవరిలో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం 10 కిలోవాట్ల లోపు వ్యవస్థలకు సాంకేతిక సాధ్యత పరిశీలన అక్కరలేదు. జీఎస్టీ కూడా 2025 సెప్టెంబరు 22 నుంచి సౌర పరికరాలపై 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. విధానపరంగా దారి సుగమమైనట్లే. మరి ఎంత పెట్టుకోవాలి?

రెండా.. మూడా?

రాష్ట్రంలో 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ధరల పట్టికలోనే ఈ ప్రశ్నకు సమాధానం ఉంది. నెలకు 200 యూనిట్లు దాటిన గృహ వినియోగదారులకు మొదటి 200 యూనిట్లకు యూనిట్ రూ.5.10, తర్వాతి 100 యూనిట్లకు రూ.7.70, 301 నుంచి 400 వరకు రూ.9, ఆపైన 800 వరకు రూ.9.50 వంతున పడుతుంది. అదే 200 యూనిట్ల లోపు వాడేవారికి మొదటి 100కు రూ.3.40, తర్వాతి 100కు రూ.4.80 మాత్రమే.

ఎల్లారెడ్డిగూడలో నెలకు 350 యూనిట్లు వాడే ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. స్థిర ఛార్జీలు, సుంకం పోను విద్యుత్తు ఛార్జీ ఇలా ఉంటుంది. 200 యూనిట్లకు రూ.1,020, తర్వాతి 100కు రూ.770, చివరి 50కి రూ.450. వెరసి రూ.2,240. మన ప్రాంతంలో ఒక కిలోవాట్ ఫలకాలు సగటున రోజుకు నాలుగు యూనిట్లు ఇస్తాయి. అంటే రెండు కిలోవాట్లకు నెలకు 240 యూనిట్లు. నెట్ మీటర్ పద్ధతిలో నికరంగా మిగిలేది 110 యూనిట్లు. వాటి ఖరీదు రూ.388. అంటే నెలకు రూ.1,852, ఏడాదికి సుమారు రూ.22 వేలు ఆదా.

ఇక మూడో కిలోవాట్ సంగతి చూద్దాం. దానివల్ల మరో 120 యూనిట్లు వస్తాయి. కానీ అప్పటికే ఖరీదైన యూనిట్లన్నీ తొలగిపోయాయి. మిగిలిన రూ.388 మాత్రమే అదనంగా ఆదా అవుతుంది. ఏడాదికి రూ.4,656. ప్రభుత్వం ప్రామాణికంగా తీసుకున్న ధర రెండు కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు రూ.50 వేలు, మూడో దానికి రూ.45 వేలు. ఈ లెక్కన రాయితీ పోను మొదటి రెండింటికి కలిపి చేతి నుంచి పడేది రూ.40 వేలు. రెండేళ్లలో తిరిగి వస్తుంది. మూడో దానికి రూ.27 వేలు. అది తిరిగి రావడానికి దాదాపు ఆరేళ్లు. మార్కెట్లో వాస్తవ ధర ఇంతకంటే ఎక్కువ ఉన్నప్పుడు రెండు గడువులూ పెరుగుతాయి గానీ, వాటి మధ్య తేడా తొలగిపోదు. ఏసీలు వాడి నెలకు 500 యూనిట్లు దాటే ఇంటికి మూడో కిలోవాట్ కూడా లాభసాటే. 350 యూనిట్ల ఇంటికి మాత్రం రెండే మేలు. 'పెద్దది పెట్టండి, ఎక్కువ లాభం' అన్న మాటను గుడ్డిగా నమ్మరాదు.

మరో కోణం కూడా ఉంది. 2024 మార్చి బిల్లుల నుంచి గృహజ్యోతి పథకం కింద తెల్ల రేషన్‌కార్డు కుటుంబాలకు 200 యూనిట్ల వరకు ఉచితం. సున్నా బిల్లు వస్తున్న ఇంటికి సౌర విద్యుత్తు వల్ల ఆదా అయ్యేది ఏమీ ఉండదు. ఫలితంగా ఈ పథకం సహజంగానే 200 యూనిట్లు దాటే, సొంత కప్పు ఉన్న మధ్యతరగతికే పరిమితమవుతున్నది.

కరెంటు పోతే ఫలకాలూ నిద్రే

ఫలకాలు పెట్టించుకున్న పలువురికి మొదటి అంతరాయంలోనే ఆశ్చర్యం ఎదురవుతున్నది. నడినెత్తిన ఎండ మండుతున్నా ఇంట్లో ఫ్యాను తిరగదు. ఇది లోపం కాదు. గ్రిడ్‌తో పనిచేసే మామూలు ఇన్వర్టర్, వీధి లైనులో సరఫరా నిలిచిన మరుక్షణం తానూ ఆగిపోయేలా తయారవుతుంది. లేనిపక్షంలో ఇంటి నుంచి లైనులోకి ప్రవహించే విద్యుత్తు, స్తంభంపై మరమ్మతు చేస్తున్న లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. అంతరాయంలోనూ వెలుగు కావాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, దానికి బ్యాటరీ ఉండాలి. అది సరఫరా పోయిన వెంటనే ఇంటిని వీధి లైను నుంచి విడదీసి, ఎంపిక చేసిన అత్యవసర పరికరాలకు మాత్రమే విద్యుత్తు అందిస్తుంది.

అయితే బ్యాటరీ వల్ల బిల్లు తగ్గుతుందనుకోవడం పొరపాటు. పగలు మిగిలిన యూనిట్‌ను గ్రిడ్‌కు ఇచ్చి రాత్రికి అదే యూనిట్‌ను వాడుకొనే అవకాశం నెట్ మీటర్ కల్పిస్తున్నది. అంటే గ్రిడ్డే ఖర్చు లేని బ్యాటరీ. సొంత బ్యాటరీలో పెట్టిన యూనిట్‌లో లిథియం రకంలో పదో వంతు, సీసం-ఆమ్ల రకంలో ఐదో వంతు లేదా అంతకు మించి వృథా అవుతుంది. కాబట్టి బ్యాటరీ అన్నది పొదుపు సాధనం కాదు, ఆపద్ధర్మం. ఇంట్లో ఆక్సిజన్ యంత్రంపై ఆధారపడిన రోగి, ఇంటి నుంచే పనిచేసే ఉద్యోగి, వృద్ధులు ఉన్నవారికి అది అవసరమే. మిగిలినవారు తొందరపడనక్కరలేదు.

బ్యాటరీ లెక్క ఇలా

నాలుగు గంటల అంతరాయానికి సిద్ధం కావాలనుకుందాం. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు మూడు (90 వాట్లు), 9 వాట్ల ఎల్‌ఈడీ దీపాలు ఐదు (45), టీవీ (80), వైఫై పెట్టె (12), ఫ్రిజ్ సగటున (60). మొత్తం 287 వాట్లు. నాలుగు గంటలకు సుమారు 1.15 యూనిట్లు. ఇన్వర్టర్‌లో పోయే వృథాను కలిపితే 1.3 యూనిట్లు.

సీసం-ఆమ్ల ట్యూబులర్ బ్యాటరీలను సగానికి మించి ఖాళీ చేస్తే ఆయుష్షు వేగంగా తరిగిపోతుంది. అంటే 2.6 యూనిట్ల సామర్థ్యం కావాలి. 12 వోల్టులు, 150 ఏహెచ్ బ్యాటరీ ఒకటి 1.8 యూనిట్లు నిల్వ చేస్తుంది. కనుక రెండు అవసరం. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకాన్ని 80 శాతం వరకు వాడుకోవచ్చు. అందులో 1.65 యూనిట్లు చాలు. మొదట్లో ఖరీదు ఎక్కువైనా, సీసం బ్యాటరీ కంటే అది ఎన్నో రెట్లు ఎక్కువ సార్లు నిండి ఖాళీ అవగలదు. నీళ్లు పోసే పని లేదు.

ఇందులో గమనించవలసిన విషయం ఒకటున్నది. ఆ మూడు ఫ్యాన్లూ 75 వాట్ల పాత రకమైతే భారం 287 నుంచి 422 వాట్లకు చేరుతుంది. అప్పుడు రెండు సీసం బ్యాటరీలూ చాలవు. బ్యాటరీ కొనేముందు ఫ్యాన్లు మార్చుకోవడం తెలివైన పని. ఇక ఒకటిన్నర టన్నుల ఏసీని కూడా నాలుగు గంటలు నడపాలంటే, సగటున గంటకు ఒక యూనిట్ వేసుకున్నా, లిథియంలో మరో ఐదున్నర యూనిట్లకు పైగా సామర్థ్యం కావాలి. ఖర్చు లక్ష రూపాయలకు పైగానే పెరుగుతుంది. ఏడాదిలో కొన్ని గంటల కోసం ఇంత వెచ్చించడం సమంజసమా అన్నది ఎవరికి వారు తేల్చుకోవలసిన విషయం. గీజరు, నీళ్ల మోటారు, ఇస్త్రీ పెట్టెలను బ్యాటరీ లైనుకు ఎట్టి పరిస్థితుల్లోనూ కలపరాదు.

నీడే శత్రువు

కిలోవాట్‌కు సుమారు వంద చదరపు అడుగుల నీడలేని చోటు కావాలి. వంద గజాల స్థలమంటే 900 చదరపు అడుగులు. అందులో మెట్ల గది, ట్యాంకు పోగా మిగిలిన కప్పుపై రెండు కిలోవాట్లు పట్టడం కష్టం కాదు. కానీ పక్కనే నాలుగైదు అంతస్తులు లేస్తే ఆ లెక్కలన్నీ తారుమారవుతాయి. ధరమ్‌కరమ్ రోడ్డు పరిసరాల్లోని సందుల్లో, పంజాగుట్ట ద్వారకాపురి కాలనీ వైపు పాత ఇళ్ల పక్కన బహుళ అంతస్తులు లేచిన చోట్ల ఈ సమస్య తీవ్రం. మెట్రో వంతెన పక్కనున్న ఒకటి, రెండు అంతస్తుల పాత ఇళ్లదీ ఇదే అవస్థ.

హైదరాబాద్‌లో ఫలకాలను దక్షిణ ముఖంగా 15 నుంచి 17 డిగ్రీల వాలుతో అమర్చడం శ్రేయస్కరం. డిసెంబరు నెలాఖరులో సూర్యుడు దక్షిణానికి ఒరిగినప్పుడు పది అడుగుల గోడ నీడ మిట్టమధ్యాహ్నం కూడా ఎనిమిదిన్నర అడుగులు పడుతుంది. ఉదయం, సాయంత్రం అంతకు ఎన్నో రెట్లు. వేసవిలో వచ్చి కప్పు చూసిన విక్రేతకు ఈ నీడ కనిపించదు. వరుసగా కలిపిన ఫలకాల్లో ఒక్కదానిపై నీడ పడినా మొత్తం వరుస ఉత్పత్తి దెబ్బతింటుంది. నీడ తప్పనిచోట ఒక్కో ఫలకానికి విడి ఇన్వర్టర్ అమర్చే పద్ధతి ఉంది గానీ ఖర్చు ఎక్కువ.

ఎండ ఎక్కువైతే ఉత్పత్తీ ఎక్కువన్న అభిప్రాయం కూడా సరికాదు. ఫలకం వేడి 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకి సుమారు 0.35 శాతం చొప్పున ఉత్పత్తి తగ్గుతుంది. మే నెలలో ఫలకం 60 డిగ్రీలకు చేరితే 12 శాతానికి పైగా నష్టమే. అందుకే కప్పుకు, ఫలకానికి మధ్య గాలి ఆడేలా ఖాళీ వదలాలి. మెట్రో, వాహనాల రద్దీ ఉన్న ఈ ప్రాంతంలో దుమ్మును కనీసం పదిహేను రోజులకోసారి కడగాలి.

అపార్ట్‌మెంట్లలో పేచీ

నాగర్‌కర్నూల్ జిల్లా వంగూరు మండలంలోని కొండారెడ్డిపల్లిని 2025లో రాష్ట్ర ప్రభుత్వం సౌర గ్రామంగా తీర్చిదిద్దింది. పల్లెలో ఎవరి ఇల్లు వారిది, ఎవరి కప్పు వారిది. నిర్ణయం ఒక్క కుటుంబానిది. అమీర్‌పేటలో అలా కాదు. 20 ఫ్లాట్ల భవనంలో ఒక్కో ఫ్లాట్‌కు మూడు కిలోవాట్లు చొప్పున పెట్టాలంటే ఆరు వేల చదరపు అడుగుల కప్పు కావాలి. 500 గజాల స్థలంలో కట్టిన భవనంపై వాడుకోదగిన చోటు పదిహేను వందల అడుగులు దొరికితే గొప్ప. అంటే ఫ్లాట్‌కు ముప్పాతిక కిలోవాట్ మాత్రమే వాటాకు వస్తుంది. పైఅంతస్తు యజమాని కప్పంతా తనదేననడం, మిగిలినవారు అభ్యంతరం చెప్పడంతో చర్చ అక్కడే ఆగిపోతున్నది.

ఇందుకు పరిష్కారం లేకపోలేదు. లిఫ్టు, నీళ్ల మోటార్లు, మెట్ల దీపాలు, వాహనాల ఛార్జింగ్‌ల ఉమ్మడి కనెక్షన్‌కు సంఘం పేరిట వ్యవస్థ పెట్టుకుంటే కిలోవాట్‌కు రూ.18 వేల రాయితీ వస్తుంది. 10 కిలోవాట్లకు రూ.1.80 లక్షలు. నెలకు సుమారు 1,200 యూనిట్లు. అందరి నిర్వహణ రుసుము తగ్గుతుంది. కప్పు ఎవరిదన్న తగవూ ఉండదు. సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసి, కప్పు వినియోగం, నిర్వహణ, మరమ్మతుల బాధ్యతను లిఖితపూర్వకంగా పొందుపరచుకోవాలి.

ఎటూ గాక మిగిలేది అద్దెదారులు, హాస్టళ్ల విద్యార్థులు. శిక్షణ సంస్థల కోసం రెండు రాష్ట్రాల పల్లెల నుంచి వచ్చి మైత్రీవనం, ఎస్సార్‌నగర్ చుట్టుపక్కల గదుల్లో ఉంటున్న వేలాది యువతకు ఈ పథకంతో సంబంధమే లేదు. బిల్లు కట్టేది అద్దెదారు, పెట్టుబడి పెట్టవలసింది యజమాని. తనకు దక్కని లాభం కోసం యజమాని ఎందుకు ఖర్చు పెడతాడు? వాణిజ్య కనెక్షన్‌తో నడిచే హాస్టల్‌కు గృహ రాయితీ వర్తించదు. నగరం నడిబొడ్డున సౌర విద్యుత్తు విస్తరించకపోవడానికి ఇదే మూలం.

భద్రతను విస్మరిస్తే..

2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఒక భవనం కింది భాగంలోని ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో చెలరేగిన మంటలు, పొగ పైనున్న లాడ్జిని కమ్మేసి ఎనిమిది మందిని బలిగొన్నాయి. ఇరుకు భవనాల్లో బ్యాటరీలను ఎక్కడ ఉంచాలన్నది ఎంత ముఖ్యమో ఆ దుర్ఘటన చాటింది. మెట్ల కింద, సెల్లారులో, బయటికి వెళ్లే దారిలో, గ్యాస్ సిలిండర్ పక్కన బ్యాటరీ ఉంచరాదు. సీసం బ్యాటరీ నిండేటప్పుడు హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కనుక గాలి ఆడే చోటు తప్పనిసరి. లిథియంలో ఐరన్ ఫాస్ఫేట్ రకం మిగిలిన రకాల కంటే వేడికి నిలకడైనది. పాత వాహనాల నుంచి తీసిన సెల్‌లతో స్థానికంగా కూర్చిన బ్యాటరీలు చవకని కొనడం కోరి ప్రమాదం తెచ్చుకోవడమే.

పాడైన బ్యాటరీని పాత సామాన్లవారికి అమ్మరాదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం వాటిని సేకరించి పునర్వినియోగానికి పంపే బాధ్యత తయారీదారులదే.

రేపటి మాట

నెట్ మీటర్ వెసులుబాటు ఎల్లకాలం ఇలాగే ఉంటుందని చెప్పలేం. మన తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన కాలిఫోర్నియాలో 2023 ఏప్రిల్ నుంచి కొత్తగా చేరేవారికి గ్రిడ్‌కు ఇచ్చే యూనిట్ విలువను బాగా తగ్గించారు. దాంతో అక్కడ బ్యాటరీ లేకుండా ఫలకాలు పెట్టుకునేవారు తగ్గిపోయారు. మన దేశంలోనూ కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2025 ఫిబ్రవరిలో, ఇంటి కప్పు వ్యవస్థలకు సైతం రెండు గంటల నిల్వను తప్పనిసరి చేసే విషయం పరిశీలించాలని పంపిణీ సంస్థలకు సూచించింది. పగలు మిగులు, సాయంత్రం కొరత అన్న పరిస్థితి పెరిగేకొద్దీ ఈ ఒత్తిడి ఎక్కువవుతుంది. కనుక ఇప్పుడే బ్యాటరీ కొనకపోయినా, తర్వాత కలుపుకోవడానికి వీలుగా హైబ్రిడ్ ఇన్వర్టర్ ఎంచుకోవడం దూరదృష్టి అనిపించుకుంటుంది.

ప్రభుత్వం చేయవలసిందీ ఉంది. దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ తన సెక్షన్ కార్యాలయాల్లోనే అపార్ట్‌మెంట్ సంఘాలకు అవగాహన సదస్సులు నిర్వహించాలి. ఒక్కో ఇంటి వినియోగాన్ని బట్టి ఎన్ని కిలోవాట్లు లాభమో బిల్లుపైనే ముద్రిస్తే విక్రేతల మాటలపై ఆధారపడే దుస్థితి తప్పుతుంది. కప్పు లేని అద్దెదారులు వేరొకచోట ఉమ్మడిగా పెట్టిన ఫలకాల విద్యుత్తును తమ బిల్లులో సర్దుబాటు చేసుకొనే ఏర్పాటు అందుబాటులోకి వస్తే తప్ప, అమీర్‌పేట లాంటి చోట్ల ఈ పథకం కొద్దిమందికే పరిమితమవుతుంది.

కొనేముందు ఇవి చూడండి

* గత 12 నెలల బిల్లులు ముందుంచుకుని సగటు యూనిట్లు లెక్కించండి. ఒక్క వేసవి బిల్లు చూసి నిర్ణయించవద్దు.
* కనెక్షన్ ఎవరి పేరిట ఉందో చూడండి. మరణించిన పెద్దల పేరిట ఉంటే ముందుగా పేరు మార్పించుకోండి.
* జాతీయ పోర్టల్‌లో నమోదైన విక్రేతల నుంచి కనీసం మూడు కొటేషన్లు తీసుకోండి.
* ఫలకాల మోడల్, ఇన్వర్టర్ హామీ కాలం, ఏటా ఎన్ని యూనిట్లు వస్తాయన్న అంచనా కాగితంపై రాయించుకోండి.
* బ్యాటరీ సామర్థ్యం సీ10 ప్రకారమా, సీ20 ప్రకారమా అడగండి. సౌర వ్యవస్థకు సీ10 రకమే తగినది.
* ఎర్తింగ్, పిడుగు నిరోధకం, డీసీ వైపు రక్షణ స్విచ్ లేకుండా పని పూర్తయినట్లు సంతకం చేయవద్దు.
* పక్క స్థలంలో కొత్త నిర్మాణం వచ్చే అవకాశం ఉందేమో ఆరా తీయండి. ఫలకాల ఆయుష్షు పాతికేళ్లు. నీడ మాత్రం ఏడాదిలోనే రావచ్చు.